బి12 ఎరుపు వెనుక ఉన్న కథ: కోబాల్టు, అయస్కాంతం, భీమవరం సుబ్బారావు గారు



బి12 ఇంజెక్షన్ చేయించుకున్నవారందరూ ఆ మందు రంగును గమనించే ఉంటారు. దానిమ్మ రసాన్ని తలపించే ఆ ఎరుపును చూసి, రక్తం పట్టడానికి ఇచ్చే మందు గనుక కంపెనీవారు రంగు కలిపి ఉంటారని భావించేవారు నా సర్వీసులో చాలామంది తారసపడ్డారు. ఆ రంగు ఎవరూ కలిపినది కాదు. పెద్ద వలయం వంటి ఒక సేంద్రియ చట్రానికీ, దాని నడుమ బిగించి ఉన్న ఒకే ఒక్క కోబాల్టు పరమాణువుకూ కలిసి పుట్టిన రంగు అది. విటమిన్లన్నిటిలోనూ లోహాన్ని కడుపులో దాచుకున్నది ఇదొక్కటే.

ఈ చరిత్రను వ్రాయడానికి ఒక కారణం ఉంది. మన విజయవాడలోనూ, కృష్ణా డెల్టా పల్లెల్లోనూ అరికాళ్ల తిమ్మిర్లతో బాధపడే పెద్దలు ఇద్దరు ముగ్గురు కలిస్తే రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. ఒకటి, అయస్కాంత కంకణమో అయస్కాంత పరుపో కొనుక్కోమని. రక్తంలో ఇనుము ఉన్నది గనుక అయస్కాంతం దాన్ని లాగి నరాలకు పారిస్తుందట. రెండవది, ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోమని. మొదటి సలహా వల్ల డబ్బు పోతుంది. రెండవ దాని వల్ల, కొందరి విషయంలో, కాళ్లే పోవచ్చు. ఈ రెండింటికీ సమాధానం ఒకే శాస్త్ర చరిత్రలో దొరుకుతుంది. లోహపు పరమాణువును ఒక వలయం ఎలా పట్టుకుంటుంది, ఆ పట్టులో లోహపు అయస్కాంత గుణం ఎలా మారుతుంది అన్నదే ఆ చరిత్ర. ఇందులో మన ప్రాంతంవారు ఇద్దరు కనిపిస్తారు.

కొంచెం రసాయన శాస్త్రం తప్పదు. ఓపిక పట్టండి.

ఇనుము, కోబాల్టు, నికెల్, రాగి వంటివి పరివర్తన లోహాలు. ఇవి తమ చుట్టూ నాలుగో ఆరో పరమాణువులనూ, అణువులనూ నిర్దిష్టమైన దిక్కులలో నిలుపుకుంటాయని 1893లో స్విట్జర్లాండులో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ ప్రతిపాదించాడు. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్లు. లోహాన్ని చుట్టుకొని నిలిచేవాటిని నేడు లైగాండ్లు అంటున్నాము. ఆరు లైగాండ్లు ఎనిమిది ముఖాల ఆకృతిలో నిలిస్తే, కొన్ని అమరికలకు కుడిచేయి, ఎడమచేయి వంటి రెండు రూపాలు ఉండాలి. మీ రెండు చేతులనూ చూసుకోండి. అద్దంలో ఒకదానికొకటి ప్రతిబింబాలే, కాని కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. ఈ గుణాన్నే కైరాలిటీ అంటారు. వెర్నర్ ఎంచుకున్నది కోబాల్టునే. 1911లో ఒక కోబాల్టు సమ్మేళనపు రెండు రూపాలనూ వేరు చేసి చూపాడు. 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అయినా, ‘ఆ చేతివాటం కార్బన్ వల్ల వచ్చినదే, లోహానిది కాదు’ అని గొణిగినవారు ఉన్నారు. 1914లో ఆయన కార్బన్ బొత్తిగా లేని కోబాల్టు సమ్మేళనాన్ని తయారుచేసి, దాన్ని కూడా కుడిఎడమలుగా విడదీసి వారి నోరు మూయించాడు.

చేతివాటం కార్బన్‌దే అని వారు అనుకోవడానికి కారణం పాశ్చర్. 1848లో ఆయన టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను పట్టకారుతో కుడివి ఒక వైపు, ఎడమవి ఒక వైపు ఏరి పెట్టాడు. ఆయనకు అది ద్రాక్షసారా పీపాల మడ్డి నుంచి వచ్చింది. మనకు చింతపండులో ఉన్న పులుపు ముఖ్యంగా ఆ ఆమ్లానిదే, అదీ ఒకే చేతివాటం కలది. ప్రాణి ఏది తయారుచేసినా సాధారణంగా ఒకే వాటంతో చేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, బి12 దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇక అయస్కాంతం సంగతి. 1845లో మైకేల్ ఫారడే లండన్‌లో చేతికి దొరికిన ప్రతి పదార్థాన్నీ బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య వేలాడదీసి పరీక్షించాడు. ఎండిన రక్తాన్ని కూడా పరీక్షించాడు. రక్తంలో ఇనుము ఉన్నదని అప్పటికే తెలుసు. కాని ఆ రక్తం అయస్కాంతానికి అతుక్కోలేదు. తాజా రక్తాన్ని కూడా పరీక్షించాలని తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. ఆ పని నిజంగా పూర్తి కావడానికి తొంభై ఏళ్లు పట్టింది. 1936లో అమెరికాలో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ రక్తాన్ని త్రాసుకు వేలాడదీసి, అయస్కాంత క్షేత్రంలో దాని బరువు ఎంత మారుతుందో కొలిచారు. ఆక్సిజన్‌ను వదిలేసిన హీమోగ్లోబిన్‌ను అయస్కాంతం స్వల్పంగా ఆకర్షించింది. ఆక్సిజన్‌తో కూడిన హీమోగ్లోబిన్‌ను ఆకర్షించకపోగా అతి స్వల్పంగా వికర్షించింది.

ఎందుకిలా? పరమాణువులోని ఎలక్ట్రాన్లు ప్రతిదీ ఒక బుల్లి అయస్కాంతం. అవి జంటలుగా కూడినప్పుడు ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది. జంట కట్టని ఎలక్ట్రాన్లు మిగిలితేనే పదార్థానికి అయస్కాంతాకర్షణ. జంట లేనివి ఉన్న పదార్థాన్ని పారా అయస్కాంత పదార్థమనీ, అన్నీ జంటలైన దాన్ని డయా అయస్కాంత పదార్థమనీ అంటారు. హీమోగ్లోబిన్‌లోని ఇనుము పార్ఫిరిన్ అనే వలయం నడుమ కూర్చొని ఉంటుంది. ఆక్సిజన్ లేనప్పుడు ఆ ఇనుములో జంట కట్టని ఎలక్ట్రాన్లు నాలుగు. ఆక్సిజన్ అణువులోనూ జంట కట్టనివి రెండు ఉంటాయి. ఈ రెండూ కలిసిన క్షణాన ఒంటరి ఎలక్ట్రాన్ అనేదే మిగలదు! పౌలింగ్ కొలతలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది అదే. మాక్స్ పెరూట్జ్ 1970లో దీనికి కొనసాగింపు చెప్పాడు. ఒంటరి ఎలక్ట్రాన్లున్న ఇనుము కాస్త లావు. వలయపు రంధ్రంలో ఇమడక సుమారు 0.4 ఆంగ్‌స్ట్రాంలు బయటికి పొడుచుకొని ఉంటుంది. ఆక్సిజన్ రాగానే అది సన్నబడి వలయంలోకి దిగుతుంది. ఆ కదలిక ప్రోటీన్ అంతటినీ లాగి, మిగిలిన మూడు వలయాలను ఆక్సిజన్ అందుకోవడానికి సిద్ధం చేస్తుంది. మీరు తీసుకునే ప్రతి శ్వాస వెనుకా ఈ అయస్కాంత మార్పు జరుగుతూనే ఉంటుంది.

కరోనా కాలంలో ఇంటింటా కొన్న పల్స్ ఆక్సీమీటరు ఈ రెండు స్థితుల మధ్య రంగు తేడాను చదువుతుంది. 1990లో జపాను శాస్త్రవేత్త సీజీ ఒగావా వీటి అయస్కాంత తేడాను ఎం.ఆర్.ఐ. యంత్రంలో పట్టుకొని, మెదడులో ఏ భాగం పని చేస్తున్నదో చూసే పద్ధతికి దారి వేశాడు. ఆ తేడాను పట్టడానికి ఎంత బలమైన యంత్రం కావలసి వచ్చిందో ఆలోచించండి. సాధారణ ఎం.ఆర్.ఐ. యంత్రపు బలం 1.5 లేదా 3 టెస్లాలు. అందులో అరగంట పడుకొని లేచినవారి రక్తం ఒక వైపుకు పరుగెత్తదు. అటువంటప్పుడు ఎగ్జిబిషన్ స్టాలులో కొన్న కంకణపు అయస్కాంతం ధమనిలోని రక్తాన్ని లాగుతుందని చెప్పడం ఎంత హాస్యాస్పదమో మీరే గ్రహించగలరు. ధమనిలో పారే రక్తం చాలావరకు ఆక్సిజన్‌తో నిండినది. అయస్కాంతానికి దాని మీద ఆకర్షణ లేనే లేదు.

ఇక్కడ మన ప్రాంతపు మొదటి పేరు చెప్పాలి. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేస్తూ, 1929లో నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత గుణం దిక్కును బట్టి మారుతుందని చూపే పరిశోధనాపత్రాన్ని ప్రచురించారు. నాఫ్తలీన్ అంటే మన బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండలే. అణువులోని వలయాలు ఎటు తిరిగి ఉన్నాయో అయస్కాంతం ద్వారా పసిగట్టవచ్చునన్నది అందులోని సూక్ష్మం. తరువాత ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. స్ఫటికాల సౌష్ఠవానికీ వాటి గుణాలకూ ఉన్న సంబంధంపై 1966లో ఒక గ్రంథమే వెలువరించారు. ఒక పదార్థానికి కుడిఎడమల వాటం ఉంటుందా లేదా అన్న ప్రశ్న మూలంలో సౌష్ఠవ ప్రశ్నే. మన యువత ఆయన్ని రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారుగా పనిచేసిన వ్యక్తిగానే గుర్తుంచుకోవడం, అది కూడా గుర్తుంటే, నాకు కొంత వెలితిగా తోస్తుంది.

రెండవ పేరు మీకందరికీ తెలిసినదే. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన జీవితంలో స్ప్రూ వ్యాధి నిర్ణాయకమైంది. ఆహారం ఒంటబట్టక, నాలుక పుండ్లు పడి, విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని కృశింపజేసే జబ్బు అది. అన్న, తమ్ముడు దానికే బలయ్యారు. ఆయనకూ అది సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. 1922లో బోస్టన్ చేరారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. మా తరం వైద్య విద్యార్థులం బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో ఆ పేరు వల్లించకుండా ఏడాది గడవలేదు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆపై ఏ.టి.పి. గుర్తింపు కూడా ఆ దశాబ్దంలోనివే. అవి ఇక్కడ మన విషయం కాదు గనుక ముందుకు సాగుతాను.

ఆ రోజుల్లో పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనత వచ్చినవారు బ్రతికేవారు కాదు. ఆ పేరులోని మొదటి మాటకు ప్రాణాంతకమైనదనే అర్థం. 1926లో బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీ ఆ రోగుల చేత రోజూ సుమారు పావు కిలో కాలేయం తినిపించి బ్రతికించారు. 1934లో విప్పుల్‌తో కలిసి వారికి నోబెల్ వచ్చింది. కాలేయంలోని ఏ పదార్థం పని చేస్తున్నది? సుబ్బారావు గారు 1930లలో హార్వర్డులో కాలేయ సారాన్ని భాగాలుగా విడదీస్తూ ఈ ప్రశ్న వెంటపడిన వారిలో ఒకరు. అదే కాలంలో మన దేశంలో, బొంబాయిలో, లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు మిల్లు కార్మిక కుటుంబాల గర్భిణులలో కనిపించే రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్టుతో తయారైన మార్మైటుతో అది నయమవుతున్నదని 1931లో ప్రకటించింది. పెద్ద కణాల రక్తహీనతను నయం చేసే పదార్థాలు రెండు ఉన్నాయనడానికి ఆనవాళ్లు అప్పుడే ఉన్నాయి. సూక్ష్మదర్శిని క్రింద రక్తం రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

1940లో సుబ్బారావు గారు లెడర్లే సంస్థకు మారారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే కొద్ది రోజుల్లోనే రక్తం పుంజుకొన్నది, ఆకలి పుట్టింది. అన్నదమ్ములను మింగిన వ్యాధికి మందు ఆయన ప్రయోగశాల నుంచే వచ్చిందన్నమాట. పెర్నీషియస్ ఎనీమియా రోగులకు ఇచ్చినా రక్తం మెరుగైంది. ఇక కాలేయంతో పని లేదని చాలామంది వైద్యులు సంబరపడ్డారు. కాని 1947 నాటికి వేరొక సంగతి బయటపడింది. రక్తం బాగున్న ఆ రోగులలోనే కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, వెన్నుపాము దెబ్బతినడం కనిపించాయి. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని సరిచేసింది, నరాలను కాపాడలేకపోయింది. రక్తహీనత అనే హెచ్చరిక గంట మోగకుండా ఆపేసింది కూడా.

నరాలను కాపాడేది మరొకటి ఉండాలి. దాన్ని పట్టుకోవడంలో మేరీ షోర్బ్ అనే అమెరికన్ బాక్టీరియా శాస్త్రవేత్త పాత్ర గొప్పది. రోగులపై పరీక్షించనక్కర లేకుండా, కాలేయ సారంలోని ఆ పదార్థం ఉంటేనే పెరిగే లాక్టోబాసిల్లస్ సూక్ష్మజీవితో దాన్ని కొలవవచ్చునని ఆమె కనుగొన్నది. ఆ కొలబద్ద చేతికందాక మెర్క్ సంస్థలో కార్ల్ ఫోకర్స్ బృందం 1948 ఏప్రిల్‌లో ఎర్రని స్ఫటికాలను ప్రకటించింది. ఇంగ్లండులో గ్లాక్సో సంస్థలో లెస్టర్ స్మిత్ కూడా దాదాపు అదే సమయానికి వాటిని పొందాడు. టన్నుల కొద్దీ కాలేయం నుంచి వచ్చినవి చిటికెడు. అదే సంవత్సరం ఆగస్టులో మెర్క్ బృందం ఆ స్ఫటికాలలో కోబాల్టు ఉన్నదని ప్రచురించింది. సుబ్బారావు గారు అదే ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. మాతృదేశానికి ఆయన తిరిగి రానేలేదు.

కోబాల్టు ప్రాణులకు అవసరమని పశువైద్యులకు ముందే తెలుసు. 1935లో ఆస్ట్రేలియాలో కొన్ని మేత భూములలో గొర్రెలు కృశించి చనిపోవడానికి నేలలో కోబాల్టు లోపమే కారణమని తేల్చారు. గొర్రె, ఆవు, గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆ కోబాల్టుతో బి12ను తయారుచేస్తాయి. మొక్కలు దాన్ని చేయలేవు, జంతువులు చేయలేవు, మనమూ చేయలేము. మన పెరుగన్నంలోని బి12 గేదె పొట్టలోని సూక్ష్మజీవి పెట్టిన భిక్ష.

మరి ఆ అణువు నిర్మాణం ఎటువంటిది? రసాయన పద్ధతులతో పూర్తిగా తేలలేదు. ఆక్స్‌ఫర్డులో డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌కిరణాలతో ఎనిమిదేళ్లు శ్రమించి 1956 నాటికి దాన్ని చిత్రించింది. యౌవనంలోనే కీళ్లవాతంతో వంకర తిరిగిన వేళ్లతో ఆమె ఆ స్ఫటికాలను అమర్చుకొన్నది. లెక్కలకు అమెరికాలోని తొలినాటి కంప్యూటర్ల సాయం తీసుకొన్నది. 1964లో నోబెల్ లభించింది. తేలినది ఇది: నడుమ కోబాల్టు. దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులతో పట్టుకొన్న కోరిన్ అనే మహావలయం. క్రిందినుంచి ఐదవ చేయి, పైన ఆరవ చేయి. వెర్నర్ చెప్పిన ఎనిమిది ముఖాల ఆకృతే. రక్తంలోని పార్ఫిరిన్ వలయం బల్లపరుపుగా, కుడిఎడమల భేదం లేకుండా ఉండగా, కోరిన్ వలయపు అంచున తొమ్మిది కైరల్ కార్బన్లు ఉన్నాయి. అవన్నీ ప్రకృతిలో ఒకే నిర్ణీత వాటంలో ఉంటాయి. ఆమె బృందంలో పనిచేసిన భారతీయుడు కె. వెంకటేశన్ 1963లో దీని దగ్గరి బంధువైన అణువు నిర్మాణాన్ని, కుడిఎడమలను కూడా తేల్చగల ఒక ప్రత్యేక ఎక్స్‌కిరణ పద్ధతితో నిర్ధారించడంలో పాలుపంచుకొన్నారు. ఆ తొమ్మిది వాటాలనూ తప్పకుండా బి12ను ప్రయోగశాలలో కట్టడానికి వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్‌లకు సుమారు వంద మంది సహాయకులతో దశాబ్దానికి పైగా పట్టింది. సూక్ష్మజీవి దాన్ని నిశ్శబ్దంగా చేసుకుపోతుంది.

అయస్కాంతం ఇక్కడ కూడా సాక్ష్యం చెప్పింది. మామూలు కోబాల్టు లవణాలు అయస్కాంతానికి ఆకర్షితమవుతాయి. బి12 మాత్రం డయా అయస్కాంత పదార్థమని కొలతల్లో తేలింది. దాన్నిబట్టి అందులోని కోబాల్టు మూడు ధనావేశాల స్థితిలో, ఎలక్ట్రాన్లన్నీ జంటలుగా ఉన్నదని గ్రహించారు. దానికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తే రంగు గోధుమ వన్నెకు మారుతుంది, ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటి ఏర్పడి పారా అయస్కాంతమవుతుంది. ఇంకొకటి ఇస్తే బూడిద కలిసిన ఆకుపచ్చ అవుతుంది, మళ్లీ అన్నీ జంటలే. ఈ మూడవ స్థితి, అంటే ఒకే ధనావేశం గల కోబాల్టు, మన శరీరంలో మిథియోనిన్ తయారీకి తప్పనిసరి.

ఇదంతా పుస్తకాల వ్యవహారం అనుకోకండి. 1956లో డెన్మార్కులో లాసెన్ బృందం ధనుర్వాతం రోగులకు రోజుల తరబడి నైట్రస్ ఆక్సైడ్, అంటే నవ్వించే వాయువు, ఇచ్చింది. ధనుర్వాతం నుంచి బ్రతికినా కొందరి మజ్జ పనిచేయడం మానివేసింది. కారణం తరువాత తెలిసింది. ఆ వాయువు ఒకే ధనావేశం గల కోబాల్టు నుంచి ఎలక్ట్రాన్లను లాగివేసి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. రక్తపరీక్షలో బి12 ఉన్నట్లే కనిపిస్తుంది, కాని లోపలి లోహపు స్థితి మారిపోయింది. అందువల్ల ఏళ్ల తరబడి శాకాహారం తిని, బి12 అడుగంటి ఉన్నవారు పెద్ద ఆపరేషనుకు వెళ్లే ముందు ఆ సంగతిని మత్తు వైద్యునికి చెప్పాలి.

వలయాల కథలో మరొక చిన్న మలుపు కూడా ఉంది. 1960లో న్యూజిలాండులో నీల్ కర్టిస్ నికెల్ లవణంతో పని చేస్తూ, అసిటోన్ ద్రావకం తానే వచ్చి చేరి నికెల్ చుట్టూ వలయం కట్టడాన్ని గమనించాడు. ఆ కుటుంబపు వలయాలలో కైరల్ రూపాలూ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. నాలుగు చేతుల పట్టులో నికెల్ పసుపు వన్నెలో ఉండి అయస్కాంతానికి లొంగదు. పైనా క్రిందా మరో రెండు చేతులు చేరితే ఊదా వన్నెకు తిరిగి లొంగుతుంది. ఆ తరహా మనిషి చేసిన వలయాలు నేడు ఆసుపత్రిలోకి వచ్చాయి. ఎం.ఆర్.ఐ.లో ఇచ్చే గడోలినియం కాంట్రాస్టు ఇంజెక్షనులో, గడోలినియం పరివర్తన లోహాల పొరుగు వరుసదే అయినా, సూత్రం అదే: ఏడు ఒంటరి ఎలక్ట్రాన్లు గల విషలోహాన్ని వలయం పంజరంలా బిగించి ఉంచుతుంది. వలయం కాక తాడులా చుట్టుకొన్న పాత రకాల నుంచి లోహం జారిపోయి, మూత్రపిండాలు చెడినవారికి చర్మం బిగుసుకుపోయే జబ్బు వస్తున్నదని 2006లో గుర్తించారు. మీ ఇంట్లో డయాలిసిస్ రోగి ఉంటే, స్కానుకు ముందు ‘కాంట్రాస్టు వలయ రకమేనా?’ అని అడగడంలో బిడియపడవద్దు.

ఇప్పుడు మన తిమ్మిర్ల సంగతికి వద్దాం. నా సర్వీసులో ఒక పెద్దావిడను ఆమె కుమారుడు రెండు చేతులా పట్టుకొని తీసుకువచ్చాడు. పుట్టుకతో శాకాహారి, పాలు పడవని మజ్జిగ నీళ్లతో సరిపెట్టుకొనేది. పగలు గోడ పట్టుకొని నడిచేది. కరెంటు పోతే పడిపోయేది. కళ్లు మూసుకొని నిలబడమ్మా అంటే తూలిపోయింది. కాలి బొటనవ్రేలిని పైకి వంచానో క్రిందికి వంచానో చెప్పలేకపోయింది. హీమోగ్లోబిన్ మాత్రం భేషుగ్గా ఉన్నది! ఎవరో చెప్పగా మూడేళ్లుగా ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మింగుతున్నది. 1947లో అమెరికా వైద్యులు చూసిన దృశ్యమే అది. బి12 ఇంజెక్షన్లతో ఆరు నెలలకు ఊతకర్రతో తనంతట తాను నడిచింది. పాదాల మొద్దుబారుతనం పూర్తిగా పోలేదు. వెన్నుపాము ఎక్కువకాలం దెబ్బతిన్నాక పోయినదంతా తిరిగి రాదు.

కనుక అరికాళ్లలో తిమ్మిరి, మంట, దూదిపై నడుస్తున్న భావన, చీకట్లో తూలడం ఉంటే, హీమోగ్లోబిన్ బాగున్నదని ఊరుకోక బి12 పరీక్ష చేయించండి. సాధారణంగా మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్న తక్కువైతే లోపమే. అంచున ఉంటే వైద్యుడు మరొక పరీక్ష కోరవచ్చు. శాకాహారులు, అరవై దాటినవారు, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు, గ్యాసుకని రోజూ పాంటోప్రజోల్ వంటివి మింగేవారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మధుమేహ రోగి తిమ్మిర్లన్నిటినీ చక్కెర ఖాతాలో వేసి వదిలేయడం నేను తరచుగా చూసిన పొరపాటు. ఫోలిక్ ఆమ్లం చెడ్డదని నేను అనడం లేదు. గర్భిణులకు అది తప్పనిసరి, వైద్యులు ఇచ్చినప్పుడు మానకూడదు. బి12 సంగతి తేలకుండా తిమ్మిర్లకు దాన్ని సొంతంగా వాడడమే ప్రమాదం.

చాలామంది స్పిరులినా మాత్రల గురించి అడుగుతున్నారు. శాకాహార బి12 అని అమ్ముతున్నారు. అందులో ఉన్నదానికి కోబాల్టు అదే, కోరిన్ వలయం అదే. క్రింది చేయి మాత్రం వేరు. మన జీర్ణాశయంలో ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఆ తేడాను పసిగట్టి దాన్ని దాదాపుగా చేర్చుకోదు. సూక్ష్మజీవుల పరీక్షలో మాత్రం అది బి12గా లెక్కకు వస్తుంది. డబ్బా మీద అంకె అందుకే ఘనంగా ఉంటుంది. పాలు, పెరుగు మంచివే. అయితే మనకు రోజుకు రెండు మైక్రోగ్రాములకు పైగా కావాలి. వంద మిల్లీలీటర్ల పాలలో ఉండేది అర మైక్రోగ్రాము లోపే. నీళ్ల మజ్జిగతో ఆ లెక్క తీరదు. లోపం తేలితే ఇంజెక్షనో, ఎక్కువ మోతాదు మాత్రో మీ వైద్యుడు నిర్ణయిస్తాడు.

సయనోకోబాలమిన్ పేరులో సయనైడ్ ఉన్నదని భయపడి ఉత్తరాలు వ్రాసినవారికి: వెయ్యి మైక్రోగ్రాముల మోతాదులో ఉండేది సుమారు 20 మైక్రోగ్రాములు, ఆరోగ్యవంతుని శరీరానికి అది లెక్కలోనిది కాదు. కోబాల్టుకు సయనైడ్ అంటే ఎంత ప్రీతి అంటే, సయనైడ్ విషం తగిలినవారికి హైడ్రాక్సోకోబాలమిన్‌నే విరుగుడుగా ఇస్తారు. కోబాల్టు ఆ విషాన్ని తన ఆరవ చేతితో పట్టుకొని మూత్రంలో బయటికి తీసుకుపోతుంది. ఇక మిథైల్‌కోబాలమిన్‌లో కోబాల్టుకూ కార్బన్‌కూ మధ్య ఉన్న బంధం వెలుతురు తగిలితే తెగుతుంది. ఆంప్యూళ్లు ముదురు గోధుమ రంగు గాజులో రావడం అందుకే. మందుల షాపులో కొన్నాక వాటిని అట్టపెట్టెలోనే ఉంచి తీసుకువెళ్లండి. వేయించుకొనే క్షణం వరకు బయటికి తీయవద్దు.